ఓడ వెనుక భాగాన్ని ముంచడం: జలాశ్వ నమూనా ఇంట్లోనే

డిసెంబరు 4న విశాఖ తీరంలో నేవీ డే విన్యాసాలు చూసి వచ్చిన మరునాడు తరగతిలో ఎవరో ఒకరు అడిగేవారు: "మేడమ్, ఆ పెద్ద ఓడ కడుపులోంచి పడవలు ఎలా బయటికొస్తాయి?" బోర్డు మీద బొమ్మ గీస్తే తలలు ఊపేవారు. ఆ తల ఊపడం ఎలాంటిదో భౌతికశాస్త్రం చెప్పినవాళ్లకు తెలుసు. అందుకే ఒక వేసవిలో నీటిలో పనిచేసే నమూనానే చేశాను.

మాదిరిగా తీసుకున్నది ఐఎన్‌ఎస్ జలాశ్వ. 1971లో అమెరికా నౌకాదళంలో ట్రెంటన్ పేరుతో చేరి, 2007లో మన నౌకాదళానికి వచ్చింది. విశాఖే దాని స్థావరం. జలాశ్వమంటే నీటిగుర్రం, సగం మునిగి ఉండే జంతువు పేరు దీనికి భలే అతికింది. పొడవు సుమారు 174 మీటర్లు. అడుగు భాగం ఏడు మీటర్ల దాకా నీటిలో ఉంటుంది కాబట్టి ఇసుక ఒడ్డుకు రాలేదు. ఐరావత్ లాంటి ఓడలైతే ముక్కు ఒడ్డుకు ఆనించి, తలుపు తెరిచి ట్యాంకులను నేరుగా దింపుతాయి. జలాశ్వ దూరంగా ఆగి, వెనుక ఉన్న వెల్ డెక్‌లోకి, అంటే పడవలు నిలిపే గదిలోకి, సముద్రాన్ని రానిచ్చి, లోపలి పడవలను తేల్చి పంపుతుంది.

200కు ఒకటి కొలతలో చేయండి. ఐదు మిల్లీమీటర్ల సన్‌బోర్డు, సిలికాన్ అతుకు చాలు. ఓడ పొడవు 87 సెంటీమీటర్లు, వెడల్పు 13, ఎత్తు 8. వెనుక భాగంలో 25 సెంటీమీటర్ల పొడవు, 7.6 వెడల్పుతో వెల్ డెక్ వదలండి. దాని నేల ఓడ అడుగుకు 4 సెంటీమీటర్ల పైన ఉండాలి. రెండు పక్కలా గోడలు బోలుగా ఉంచి, నీరు చొరకుండా మూసేయండి. వెనుక మునిగినప్పుడు ఓడను నిలబెట్టేవి అవే. ముందు భాగానికీ వెల్ డెక్‌కూ మధ్య అడ్డుగోడను రెండుసార్లు అతకండి. అక్కడ సూదిమొన అంత సందు మిగిలినా నమూనా నీళ్ల టబ్బు అడుగున కనిపిస్తుంది.

పడవలను తేలిక చెక్కతో చేయండి: 11 సెంటీమీటర్లు, 3.2 వెడల్పు, నాలుగు. అసలు పడవలు 22 మీటర్ల పొడవు, 6.4 మీటర్ల వెడల్పు ఉంటాయి. ముందు రెండు, వెనుక రెండు పెట్టి చూడండి. పక్కలా సెంటీమీటరు ఖాళీ కూడా మిగలదు. ఇలాంటి ఓడల్లో వెల్ డెక్ గోడలకు చెక్కలు ఎందుకు తాపడం చేస్తారో అప్పుడు తెలుస్తుంది. మీరూ ఐస్‌క్రీం పుల్లలు అతికించండి.

ఇక అసలు సంగతి, నీరు నింపి వెనుక భాగాన్ని ముంచడానికి వెల్ డెక్ నేల కింద ఉన్న తొట్లు. వెనుక చివర అడుగున రంధ్రం, ముందు చివర పైన గాలి గొట్టం పెట్టాలి; వెనుక మునిగితే గాలి ముందుకే చేరుతుంది కదా. సెలైన్ గొట్టం, దాని చిన్న చక్రంతో సహా, ఇందుకు సరిగ్గా సరిపోతుంది. చక్రం వదిలితే గాలి పోయి నీరు వస్తుంది. బంతికి గాలి కొట్టే పంపుతో ఊదితే నీరు పోతుంది. అసలు ఓడల్లోనూ చాలావాటిలో గాలితోనే నీటిని తోస్తారు.

మొదటిసారి నేను మొత్తం వెడల్పుకు ఒకే తొట్టి పెట్టాను. వెనుక భాగం హుందాగా దిగింది. వెల్ డెక్‌లోకి నీరు రాగానే ఓడ ఎడమకు వాలింది. తొట్టిలోని నీరూ అటే పరుగెత్తింది, మరుక్షణం బోర్లా పడింది. పిల్లలు చప్పట్లు కొట్టారు! తొట్టి మధ్యలో నిలువుగా ఒక గోడ పెడితే నీటి ఆ పరుగు ప్రభావం నాలుగో వంతుకు తగ్గుతుంది. గోడ పెట్టాను. కానీ బద్ధకించి రెండు గొట్టాలనూ ఒకే పంపుకు కలిపాను. ఈసారీ వాలింది: కిందికి వంగిన వైపు గాలి పై వైపుకు పోయి, దాని చోటులోకి నీరు వచ్చింది. కాబట్టి గొట్టాలు వేరు, చక్రాలు వేరు.

ఇప్పుడు ముందు భాగంలో అడుగున ఇనుప నట్లు పరిచి, మొత్తం బరువు రెండు కిలోలు దాటేలా, ఓడ సమంగా తేలేలా సర్దండి. టేపుతో బిగించిన వెనుక తలుపును కిందికి వదిలి, రెండు చక్రాలనూ కొద్దికొద్దిగా, సమంగా తిప్పండి. తొందర వద్దు. వెల్ డెక్‌లో ఒకటిన్నర సెంటీమీటరు నీరు నిలవగానే మూసేయండి. వెల్ డెక్ నేల మీద కూర్చున్న పడవ మొదట వెనుక వైపు కాస్త కదిలి, తర్వాత మొత్తంగా లేస్తుంది. వేలితో మెల్లగా నెట్టండి. దిగిన పడవను మళ్లీ లోపలికి తేవడం మాత్రం కష్టం, టబ్బులో అల లేకపోయినా.

ఆట ముగిశాక నీటిని పూర్తిగా ఊదేసి, గొట్టాలు విప్పి ఎండలో పెట్టండి. మా నమూనాను వారం వదిలేస్తే తొట్ల నిండా దోమ పిల్లలు చేరాయి.