వీఏ లోన్‌తో ఇల్లు కొన్నారా? టాక్స్ ఫైల్ చేసేముందు ఇవి చూసుకోండి

అమెరికా మిలిటరీలో ఉంటూనో, పనిచేసి బయటికొచ్చాకో వీఏ లోన్ (మాజీ సైనికుల శాఖ వీఏ గ్యారంటీతో వచ్చే ఇంటి అప్పు) మీద ఇల్లు కొన్నవాళ్లకి మొదట వచ్చే సందేహం, ఈ లోన్‌కి ప్రత్యేకంగా టాక్స్ ఏమైనా తగ్గుతుందా అని. తగ్గదండీ, ఇంటి వడ్డీకి అందరికీ ఉన్న రూలే మీకూ. అయితే మీ ఉద్యోగం వల్ల మీకు మాత్రమే కలిసొచ్చేవి కొన్ని ఉన్నాయి, అవి తెలియక చేతికొచ్చే డబ్బు వదులుకుంటే నిజంగా బాధేస్తుంది.

జనవరి చివరికల్లా లెండర్ నుంచి ఫారం 1098 వస్తుంది. బాక్స్ 1లో మీరు కట్టిన వడ్డీ, బాక్స్ 6లో పాయింట్లు (వడ్డీ రేటు తగ్గించుకోవడానికి ముందే కట్టిన డబ్బు) ఉంటాయి. ప్రాపర్టీ టాక్స్ దగ్గర మాత్రం జాగ్రత్త, మీరు ఎస్క్రోలో (టాక్స్ కట్టడానికి లెండర్ మీ డబ్బు దాచే ఖాతాలో) వేసిన మొత్తం కాదు, అందులోంచి ఆ ఏడాది కౌంటీకి నిజంగా వెళ్లిన మొత్తమే లెక్క.

ఇప్పుడు అసలు విషయం, ఫండింగ్ ఫీ, అంటే లోన్ గ్యారంటీకి వీఏ ఒకసారి తీసుకునే ఫీజు; టాక్స్ లెక్కలో ఇది మార్ట్‌గేజ్ ఇన్సూరెన్స్ (అప్పు తీరకపోతే లెండర్‌కి రక్షణగా ఉండే బీమా) కిందికే వస్తుంది. డౌన్ పేమెంట్ లేకుండా మొదటిసారి వీఏ లోన్ తీసుకుంటే ఇది లోన్‌లో 2.15%. 2022 నుంచి 2025 వరకు దీనికి డిడక్షన్ (టాక్స్ పడే ఆదాయంలోంచి తగ్గింపు) లేదు, 2025లో వచ్చిన చట్టంతో 2026 నుంచి మళ్లీ వచ్చింది. మామూలు మార్ట్‌గేజ్ ఇన్సూరెన్స్ ముందే కట్టేస్తే ఏళ్ల తరబడి పంచుకోవాలి, వీఏ ఫీకి ఆ బాధ లేదు, కట్టిన ఏడాదే మొత్తం చూపించొచ్చు. 1098లో బాక్స్ 5 చూడండి, అక్కడ లేకపోతే క్లోజింగ్ డిస్‌క్లోజర్ (లోన్ ఖరారయ్యేటప్పుడు ఇచ్చే ఖర్చుల పత్రం) రెండో పేజీ తీయండి.

ఉదాహరణకి 2026లో 4 లక్షల డాలర్ల లోన్ తీసుకుని, 8,600 ఫీ క్లోజింగ్‌లోనే కట్టేశారు. ఆ ఏడాది వడ్డీ 22,000, ప్రాపర్టీ టాక్స్ 8,000 అనుకుందాం, రెండూ కలిపి 30,000. భార్యాభర్తలకి కలిపి స్టాండర్డ్ డిడక్షనే (ఖర్చులు చూపకుండానే అందరికీ ఇచ్చే తగ్గింపు) 32,200 కాబట్టి ఐటమైజ్ చేసి, అంటే ఖర్చులు ఒక్కొక్కటిగా చూపించి లాభం లేదనిపిస్తుంది, కానీ ఫీ కలిపితే 38,600 అవుతుంది. ఆ ఒక్క ఫీ లెక్కనే తిప్పేసింది చూడండి!

ఒక మెలిక ఉంది. ఏజీఐ (టాక్స్ ఫారంలో కొన్ని సర్దుబాట్లు పోగా తేలే మీ ఆదాయం) లక్ష డాలర్లు దాటితే ఈ ఫీ డిడక్షన్ తగ్గుతూ వచ్చి, 1,09,000 దాటితే పూర్తిగా పోతుంది. అయితే మీ హౌసింగ్ అలవెన్స్ బీఏహెచ్, వీఏ డిసెబిలిటీ డబ్బు ఏజీఐలోకి రావు, కాబట్టి చేతికొచ్చే జీతం చూసి మనకి రాదులే అని వదిలేయకండి. ఇంకో మంచి మాట, టాక్స్ లేని ఆ బీఏహెచ్‌తోనే ఇంటి వాయిదా కట్టినా సరే, వడ్డీ, ప్రాపర్టీ టాక్స్ డిడక్షన్ మీకు వస్తాయి, టాక్స్ శాఖ ఐఆర్‌ఎస్ దీనికి స్పష్టంగా ఒప్పుకుంటుంది.

డిసెబిలిటీ పరిహారం అందుకుంటున్నవాళ్లకి అసలు ఫండింగ్ ఫీయే ఉండదు. లోన్ క్లోజ్ అయ్యాక (అంటే ఇల్లు మీ చేతికొచ్చాక) డిసెబిలిటీ రేటింగ్, అంటే వీఏ నిర్ణయించే వైకల్య శాతం వచ్చినా, దాని అమలు తేదీ క్లోజింగ్ కంటే ముందుదైతే ఫీ వెనక్కి అడగొచ్చు, లెండర్‌కి ఈరోజే ఫోన్ చేయండి. టెక్సస్‌లో నూరు శాతం రేటింగ్ ఉన్నవాళ్లకి సొంతంగా ఉంటున్న ఇంటి మీద ప్రాపర్టీ టాక్స్ కూడా ఉండదు, కౌంటీ అప్రైజల్ ఆఫీసులో దరఖాస్తు మాత్రం మీరే పెట్టాలి.