చిన్న వర్క్‌షాపులో మెషిన్ సెట్టింగ్ సమయాన్ని తగ్గించడం ఎలా?

ఆధునిక తయారీ పద్ధతులు అనగానే చిన్న పరిశ్రమల యజమానులు చాలామంది సీఎన్‌సీ (కంప్యూటర్ నియంత్రణలో నడిచే) మెషిన్ ధర గురించి, బ్యాంకు రుణం గురించి ఆలోచిస్తారు. హైదరాబాద్‌లోని బాలానగర్, జీడిమెట్ల వంటి పారిశ్రామికవాడల్లోని ప్రెస్ షాపులకు (లోహపు రేకును నొక్కి భాగాలు చేసే వర్క్‌షాపులకు) అంతకన్నా ముందు అక్కరకు వచ్చేది, ఒక జాబ్ నుంచి మరో జాబ్‌కు మారేటప్పుడు మెషిన్ ఆగి ఉండే సమయాన్ని తగ్గించుకోవడమే. 1969లో టయోటాలో వెయ్యి టన్నుల ప్రెస్‌పై డై (రేకుకు ఆకారమిచ్చే అచ్చు) మార్చడానికి నాలుగు గంటలు పడుతుండగా, జపాన్ ఇంజనీరు షిగేయో షింగో మార్గదర్శకత్వంలో అది ముందు గంటన్నరకు, తర్వాత మూడు నిమిషాలకు తగ్గింది. ఆ ఫలితం వచ్చింది కొత్త ప్రెస్ కొనడం వల్ల కాదు, పని చేసే క్రమాన్ని మార్చడం వల్ల.

మొదట, షాపులో ఎక్కువసార్లు సెట్టింగ్ మారే ఒక్క మెషిన్‌ను ఎంచుకోండి. పాత జాబ్‌లో చివరి మంచి పీసు దిగినప్పటి నుంచి కొత్త జాబ్‌లో మొదటి మంచి పీసు వచ్చేవరకు జరిగే పనినంతా ఫోనులో వీడియో తీయండి. అది తప్పులు పట్టడానికి కాదని ఆపరేటర్‌కు, హెల్పర్‌కు ముందే చెప్పి, తర్వాత వారితో కలిసి కూర్చుని చూడండి. స్పానర్ వెతకడం, డై కోసం ర్యాక్ దగ్గరకు వెళ్లడం, ఎత్తు సరిపోక షిమ్ముల (ఎత్తు సరిచేసే పలుచని రేకుల) కోసం తిరగడం వంటి పనులకు ఎన్ని నిమిషాలు పోతున్నాయో అందులో స్పష్టంగా కనిపిస్తుంది.

తర్వాత ఆ పనులను రెండుగా విడదీయండి. డైని విప్పడం, బిగించడం మెషిన్ ఆపితేనే వీలవుతుంది. తర్వాతి డై, దాని బోల్టులు, గేజ్ (కొలత సరిచూసే పనిముట్టు), షీటు మాత్రం పాత జాబ్ నడుస్తుండగానే ఒక ట్రాలీపై సిద్ధం చేసుకోవచ్చు. చాలా షాపుల్లో ఈ ఒక్క మార్పుతోనే గణనీయమైన సమయం మిగులుతుంది.

మెషిన్ ఆపి చేయక తప్పని పనుల విషయంలో మరింత శ్రద్ధ అవసరం. బోల్టుకు ఎన్ని చుట్లున్నా నిజంగా బిగించేది చివరి చుట్టే కాబట్టి, నట్టును పూర్తిగా ఊడదీయకుండా కాస్త వదులు చేసి పక్కకు తీయగలిగే యు-ఆకారపు వాషర్లు వాడండి. డైల కింద తగిన మందం గల ప్లేట్లు బిగించి అన్నింటి ఎత్తూ ఒకటే ఉండేలా చేస్తే, ర్యామ్‌ను (కిందికి దిగి నొక్కే ప్రెస్ భాగాన్ని) ప్రతిసారీ సర్దుకోవలసిన పని తప్పుతుంది. క్లాంపు ఆనే అంచు మందం కూడా అన్ని డైలకూ ఒకటే అయితే, అవే బోల్టులు, అదే స్పానర్ సరిపోతాయి. వేగం కోసం పవర్ ఆపకుండా, సేఫ్టీ బ్లాకు (ర్యామ్ కిందికి దిగకుండా ఆపే దిమ్మ) పెట్టకుండా ప్రెస్ కింద చేయి పెట్టడాన్ని మాత్రం ఎప్పుడూ అనుమతించకండి. ప్రెస్ షాపుల్లో వేళ్లు కోల్పోయిన కార్మికులు ఇప్పటికే ఎందరో ఉన్నారు.

మిగిలిన సమయాన్ని ఏం చేయాలన్నదే అసలు విషయం. సెట్టింగ్‌కు 90 నిమిషాలు పట్టి, 900 పీసుల బ్యాచ్ నడిపితే ఒక్కో పీసుపై 6 సెకన్ల సెట్టింగ్ భారం పడుతుంది. దాన్ని 15 నిమిషాలకు తెస్తే 150 పీసులకే అదే భారం సరిపోతుంది. కాబట్టి ఆ సమయాన్ని అవసరానికి మించి పీసులు కొట్టడానికి కాకుండా, ఆర్డరును బట్టి చిన్న చిన్న బ్యాచులు నడపడానికి వాడండి. అప్పుడు షీటులో ఇరుక్కునే పెట్టుబడి, తుప్పు పట్టే సరుకు తగ్గుతాయి. లోపమేదైనా ఉంటే 900 పీసులయ్యాక కాకుండా 150లోపే బయటపడుతుంది. పీస్ రేటుపై పనిచేసేవారి సంపాదన ఈ మార్పు వల్ల తగ్గకుండా లెక్కను ముందే వారితో మాట్లాడి సరిచేయండి. లేకపోతే వారు సహకరించరు, అది న్యాయం కూడా కాదు.

ఒక మెషిన్‌పై పద్ధతి కుదిరాక దాన్ని ఒక పేజీలో రాసి అక్కడే అంటించి, తర్వాతి మెషిన్‌కు వెళ్లండి. బయటి సలహాదారు అవసరమనిపిస్తే, ఉద్యమ్ (కేంద్రం చిన్న సంస్థలకు ఇచ్చే) నమోదు ఉన్న తయారీ సంస్థల కోసం కేంద్రం 2023 మార్చిలో ప్రారంభించిన ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) లీన్ పథకాన్ని, అంటే తయారీలో వృథాను తగ్గించే పథకాన్ని పరిశీలించండి. అందులో కన్సల్టెన్సీ ఖర్చులో 90 శాతాన్ని ప్రభుత్వమే భరిస్తుంది. వీడియో, రాసుకున్న సమయాలు చేతిలో ఉంటే సలహాదారుతో మొదటి సమావేశంలోనే నేరుగా పనిలోకి దిగవచ్చు.