‘వచ్చిండాల’ అని స్పానిష్‌లో చెప్పాలంటే

కర్నూలు, అనంతపురం, కడప వైపు ‘వచ్చిండాను, వచ్చిండావు, వచ్చిండారు’ అంటాం. ‘వచ్చి’ కదలదు, దాని వెనక ‘ఉండు’ ఒక్కటే మనిషిని బట్టి మారుతుంది. స్పానిష్‌లోనూ అంతే. కాకపోతే మారేది ముందొస్తుంది, కదలనిది వెనక.

మారేది ‘అబేర్’ అనే సహాయక క్రియ. ఆశ, అనుమానం, సంతోషం చెప్పే మాటల తర్వాత దాని రూపాలివి: నేను ఆయ, నువ్వు ఆయస్, అతడు, ఆమె, మర్యాదగా మీరు ఆయ, మేము ఆయామోస్, మీరంతా ఆయాయిస్, వాళ్లు ఆయన్. ఆయాయిస్ స్పెయిన్‌లోనే వినిపిస్తుంది. లాటిన్ అమెరికాకు వెళ్లేవాళ్లు ‘మీరంతా’కు కూడా ‘ఆయన్’ అంటే చాలు. మన ‘ఆయన’ చెవిలో పడినట్టుంటుంది గానీ అది బహువచనం.

కదలనిదాన్ని చేసుకోవడం సులువు. చాలా క్రియలకు చివర ‘ఆర్’ తీసి ‘ఆదో’, ‘ఏర్’ గానీ ‘ఈర్’ గానీ తీసి ‘ఈదో’ పెట్టాలి. యెగార్ (చేరడం) యెగాదో, బెందేర్ (అమ్మడం) బెందీదో, సలీర్ (బయల్దేరడం) సలీదో. వచ్చింది పదిమంది ఆడవాళ్లైనా ‘ఆయన్ యెగాదో’నే. ‘యెగాదాస్’ అంటే తప్పు.

‘బండి గుంతకల్లు చేరిండాలని ఆశ’: ఎస్పేరో కే ఎల్ త్రెన్ ఆయ యెగాదో ఆ గుంతకల్. ఇందులో ‘కే’ మన ‘అని’. మనకు అది చివర్లో వస్తుంది కాబట్టి స్పానిష్ మాట్లాడేటప్పుడు నడుమ పెట్టడం మరిచిపోతాం.

ఆయకూ యెగాదోకూ మధ్య ఏదీ దూరకూడదు. ‘నో’ అయినా, ‘దాన్ని’ అనే ‘లో’ అయినా ఆయకు ముందే. దూదో కే లో ఆయ బెందీదో: దాన్ని అమ్మిండాడా అని నా అనుమానం.

ఎక్కువమంది బోల్తా పడేది ‘అనుకుంటున్నా’ దగ్గర. ‘క్రేఓ కే’ (అనుకుంటున్నా) తర్వాత ‘ఆయ’ కాదు, అబేర్ మామూలు రూపం ‘ఆ’: ‘ఆ యెగాదో’. ‘నో క్రేఓ కే’ అన్నారా, ఆయ యెగాదో.

రాతలో ఆయకు ముందు పలకని ‘ఆచే’ అక్షరం, నడుమ ‘యే’ ఉండాలి. ‘యే’ బదులు రెండు ‘ఎల్’లు రాస్తే చాలామంది నోట అదే పలుకు, అర్థం మాత్రం ‘కనుక్కుంటాడు’.

ఇంకా జరగని పనికీ ఇదే రూపం పనికొస్తుంది. కువాందో ఆయస్ కొమీదో, యామమే: తిన్నాక ఫోన్ చెయ్యి.