సినిమాతో ఇంగ్లిష్: ముందు చెవికి పని చెప్పండి

ఇంగ్లిష్ సినిమాలకు తెలుగు సబ్‌టైటిల్స్ రాయడం నా వృత్తి. అయినా ఇంగ్లిష్ నేర్చుకోవాలని సినిమా పెట్టుకునే వాళ్లకి నేను మొదట చెప్పేది ఒకటే: తెలుగు సబ్‌టైటిల్స్ ఆపేయండి. కథ కోసం చూస్తుంటే అవి ఉండాల్సిందే, మేం కష్టపడి రాసేది అందుకే. భాష కోసం చూస్తుంటే మాత్రం అవి అడ్డం.

ఎందుకు అడ్డమో ఆ పనిలో ఉన్నదాన్ని కాబట్టి చెప్పగలను. సబ్‌టైటిల్‌కి తెర మీద మామూలుగా దొరికేది రెండు లైన్లు. నెట్‌ఫ్లిక్స్ ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్‌కి పెట్టిన నియమం ప్రకారం ఒక లైనులో 42 అక్షరాలు మించకూడదు. పాత్ర గబగబా మాట్లాడేస్తుంటే అంతా చదివే టైం చూసేవాళ్లకి ఉండదు. అందుకని కుదిస్తాం. పేరు పెట్టి పిలిచిన పిలుపు తీసేస్తాం, నసుగుడు తీసేస్తాం, ఒకే మాట రెండుసార్లు అంటే ఒకసారే ఉంచుతాం. పైగా తెలుగులో క్రియ చివర్న వస్తుంది కాబట్టి వాక్యం మొత్తం తిరగబడుతుంది. అలా ఆ క్షణంలో మీరు చదివేది ఒకటి, చెవిలో పడేది ఇంకొకటి. రెండింట్లో సులువైన దాని వెంట మనసు పోతుంది. చెవి ఖాళీగా కూర్చుంటుంది.

ఇది నా ఒక్కదాని అభిప్రాయం కాదు. ఇంగ్లిష్ బాగా వచ్చిన డచ్ విద్యార్థులతో చేసిన ఒక అధ్యయనం 2009లో అచ్చయింది. వాళ్లకి అలవాటు లేని స్కాట్లండ్ యాసలోనో, ఆస్ట్రేలియా యాసలోనో వీడియోలు చూపించారు. కొందరికి ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ పెట్టారు, కొందరికి డచ్ సబ్‌టైటిల్స్ పెట్టారు, కొందరికి ఏవీ పెట్టలేదు. తర్వాత అదే యాసలో కొత్త మాటలు వినిపించి తిరిగి చెప్పమన్నారు. ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్‌తో చూసినవాళ్లు అందరికన్నా బాగా చెప్పారు. సొంత భాష సబ్‌టైటిల్స్‌తో చూసినవాళ్లు, ఏమీ లేకుండా చూసినవాళ్ల కన్నా వెనకబడ్డారు.

"ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ పెడితే సగం మాటలు తెలియవండీ" అంటారు చాలామంది. నిజంగా సగం ఉండవు. అదే 2009లో వచ్చిన ఇంకో అధ్యయనంలో 318 సినిమాల సంభాషణలు లెక్కగట్టారు. ఎక్కువగా వాడే 3,000 మాటలు, వాటి రూపాలతో సహా, పేర్లూ ఊతపదాలూ కలుపుకుని తెలిస్తే సినిమాలో 95 శాతం పైగా మాటలు తెలిసినట్టేనని తేలింది. కాలేజీ దాకా చదివినవాళ్లు ఈ మాటల్లో చాలావాటిని పుస్తకాల్లో చూసే ఉంటారు. కాగితం మీద కనిపిస్తే గుర్తుపడతారు, నోటి మీదుగా వస్తే పట్టుకోలేరు. మనం సరిచేసుకోవాల్సింది అక్కడ.

చెవికి ఎందుకు అందవంటే, మనం రాసినట్టే పలికే భాషలో పుట్టి పెరిగాం. తెలుగులో ప్రతి అక్షరానికీ దాని వంతు సమయం దాదాపు దక్కుతుంది. ఇంగ్లిష్‌లో అలా కాదు. వాక్యంలో రెండు మూడు మాటల మీద బరువు పడుతుంది, మిగతావి వాటి మధ్య ఇరుక్కుని నలిగిపోతాయి. ఒక చిన్న సీను తీసుకుందాం. ఇది నేను ఉదాహరణకి అల్లినది. అన్నా చెల్లెలూ గొడవపడుతున్నారు. కాగితం మీద ఇలా ఉంటుంది:

"డిడ్ హి టెల్ హర్?"
"ఐ డోంట్ నో. ఐ షుడ్ హావ్ టోల్డ్ యు."
"వాట్ ఆర్ యు గోయింగ్ టు డు?"

అమెరికన్ సినిమాలో మీకు వినిపించేది దాదాపు ఇది:

"డిడీ టెలర్?"
"అయ్ డ నో. అయ్ షుడ టోల్జు."
"వాచ గన డూ?"

ఒక్కొక్కటే చూడండి. "హి", "హర్" వాక్యం మధ్యలో బరువు లేకుండా వస్తే మొదటి "హ" ఎగిరిపోయి ముందు మాటకి అతుక్కుంటుంది. "షుడ్ హావ్"లో "హావ్" మహా అయితే "అవ్" అవుతుంది, ఇంకా తొందరలో ఉంటే ఒట్టి "అ" మిగులుతుంది. "టోల్డ్" చివరి "డ్", "యు" మొదటి "య్" కలిస్తే "జ" పుడుతుంది. "వుడ్ యు", "కుడ్ యు", "డిడ్ యు" అన్నింట్లోనూ ఇదే సంధి, ఒకచోట పట్టుకుంటే అన్నిచోట్లా దొరుకుతుంది. "గోయింగ్ టు" "గన" అయ్యేది దాని వెనక క్రియ ఉన్నప్పుడు మాత్రమే. "గోయింగ్ టు లండన్" అన్నప్పుడు "గన" అనరు. ఇవి తప్పుడు ఇంగ్లిష్ కాదు, బద్ధకం అంతకన్నా కాదు. బాగా చదువుకున్నవాళ్లూ మామూలు మాటల్లో ఇలాగే పలుకుతారు.

వీటన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టేది "క్యాన్", "క్యాంట్". అమెరికన్ల నోట "క్యాంట్" చివరి "ట్" సరిగా వినపడదు. దాని కోసం ఎదురుచూస్తే అవునో కాదో తేలక టెన్షన్ పడతారు. బరువు ఎక్కడ పడిందో వినండి. "అయ్ కన్ డూ ఇట్" అని "కన్" నలిగిపోయి "డూ" మీద బరువు పడితే చేయగలనని. "క్యాన్" నిండుగా, ఒత్తి పలికితే చాలాసార్లు చేయలేనని. బ్రిటిష్ వాళ్లు "కాంట్" అని దీర్ఘం తీస్తారు కాబట్టి అక్కడ ఈ తిప్పలు తక్కువ.

ఏ సినిమా, ఎంత సేపు

రోజుకో సినిమా చూడటం కన్నా ఒక్క సీనుని వారం పాటు నమలడం మేలని నేను గట్టిగా నమ్ముతాను. రెండు మూడు నిమిషాల సీను చాలు. ఇద్దరు లేదా ముగ్గురు ఒక గదిలో కూర్చుని మాట్లాడుకునేది ఎంచుకోండి. కార్లు గుద్దుకునే సీన్లో మాటలు తక్కువ, రాజుల కాలం సినిమాలో మాటలు ఇప్పుడు పనికిరావు, గ్యాంగ్‌స్టర్ సినిమాలో పనికొచ్చినా బయట అనలేం. కుటుంబ కథలు, ఆఫీసు కథలు, కోర్టు కథలు మంచివి.

పేరు చెప్పమంటే 1957 నాటి "ట్వెల్వ్ యాంగ్రీ మెన్" చెబుతాను. 96 నిమిషాల సినిమా, దాదాపు అంతా ఒకే గదిలో నడుస్తుంది. పన్నెండు మంది జ్యూరీ సభ్యులు ఒక కేసు గురించి వాదించుకుంటారు. ఒప్పుకోవడం, కాదనడం, అనుమానం బయటపెట్టడం, ఎదుటివాడి మాటకి అడ్డం రావడం, మెల్లగా అభిప్రాయం మార్చుకోవడం, ఇవన్నీ ఇంగ్లిష్‌లో ఎలా చేస్తారో ఒక్కచోటే దొరుకుతుంది. పాత సినిమా కాబట్టి కొన్ని పలుకుబళ్లు ఇప్పుడు వినపడవు, వాటిని వదిలేయండి.

యానిమేషన్ సినిమాలు పిల్లలవని తోసేయకండి. వాటిలో గొంతులు స్టూడియోలో రికార్డు చేస్తారు కాబట్టి చుట్టుపక్కల రొద లేకుండా మాట స్పష్టంగా ఉంటుంది. కాకపోతే పెదాల కదలిక నుంచి దొరికే సాయం అంతగా ఉండదు. పెదాలు మనం అనుకునే దానికన్నా చాలా సాయం చేస్తాయి. ఇంగ్లిష్‌లో V, W పలుకుల తేడా చెవితో పట్టుకోలేనివాళ్లు కూడా నటుడి కింది పెదవి పళ్లకి తగిలిందో, పెదాలు గుండ్రంగా ముందుకొచ్చాయో చూసి పట్టుకోవచ్చు. "వెట్" అంటే పశువుల డాక్టరా, తడిసిందనా అన్నది అక్కడే తేలుతుంది.

సీనుతో ఏం చేయాలి

హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి, ఇది తప్పనిసరి. మొదటిసారి ఏ సబ్‌టైటిల్సూ లేకుండా వినండి, ఏం జరిగిందో ఊహించండి. తర్వాత ఒక్కో మాట దగ్గర ఆపి, మీ చెవికి ఏం వినిపించిందో తెలుగు లిపిలో రాయండి. అవును, తెలుగులోనే. ఇంగ్లిష్ స్పెల్లింగ్ రాయబోతే మీకు తెలిసిన మాట రాస్తారు, విన్న మాట రాయరు. మన లిపి విన్నది విన్నట్టు రాయడానికి చక్కగా పనికొస్తుంది. అర్థం లేని చప్పుడైనా సరే, "వాచ గన" అని రాసేయండి. బరువు పడిన చోట కింద గీత గీయండి.

ఆ తర్వాత ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ ఆన్ చేసి పక్క వరసలో అసలు వాక్యం రాసుకోండి. రెండు రకాలు కనిపిస్తే "సీసీ" అని ఉన్నది ఎంచుకోండి. అది వినికిడి లోపం ఉన్నవాళ్ల కోసం చేసేది, మాటతో పాటు చప్పుళ్లు కూడా అందులో ఉంటాయి. తలుపు కిర్రుమంది, నిట్టూర్చాడు, గొంతు సవరించుకున్నాడు, ముసిముసిగా నవ్వింది, ఇలాంటి వాటికి ఇంగ్లిష్ మాటలు క్లాసులో ఎక్కువగా చెప్పరు. ఇక్కడ చప్పుడు వినిపిస్తూనే దాని పేరు కనిపిస్తుంది.

ఇప్పుడు రెండు వరసలూ పక్కపక్కన పెట్టి చూస్తే మీ చెవి ఎక్కడ జారిందో తెలిసిపోతుంది. అదే మీ పాఠం. తెలియని మాట ఒక సీన్లో మూడో నాలుగో కన్నా ఎక్కువ తీసుకోవద్దు. సబ్‌టైటిల్స్ మళ్లీ ఆపేసి వినండి. నిన్నటిదాకా రొదలా ఉన్నది మాటలుగా విడిపోతుంది. అప్పుడు నటుడితో పాటు, అర సెకను వెనకగా, పైకి అనండి. దీన్ని షాడోయింగ్ అంటారు. యాసని అచ్చుగుద్దినట్టు దించడం ముఖ్యం కాదు, బరువు అదే చోట పడాలి, ఊపిరి అదే చోట తీసుకోవాలి. వేగం అందకపోతే ప్లేయర్లో 0.75 పెట్టుకోండి, అంతకన్నా తగ్గిస్తే ఏ మనిషీ మాట్లాడని ఇంగ్లిష్ వినిపిస్తుంది.

ఇంకో విషయం. నేను సబ్‌టైటిల్ రాసేటప్పుడు ప్రతి ఇద్దరి మధ్యా "నువ్వు" వాడాలా "మీరు" వాడాలా తేల్చుకోవాలి. ఇంగ్లిష్‌లో రెండింటికీ "యు"నే కాబట్టి గౌరవం ఎక్కడ దాక్కుందో వెతుక్కుంటాను. స్నేహితుడిని కిటికీ వేయమనడానికి రెండు మాటలు సరిపోతాయి. అదే పరిచయం లేని మనిషిని అడగాలంటే "కుడ్ యు", "వుడ్ యు మైండ్" వస్తాయి, వాక్యం పొడుగవుతుంది, గొంతు చివర్న కాస్త పైకి లేస్తుంది. సినిమాలో మాట నేర్చుకున్నప్పుడు అది ఎవరు ఎవరితో అన్నారో కూడా రాసుకోండి. తిట్లు గుర్తుపట్టడానికి నేర్చుకోండి, వాడటానికి వద్దు. వాటి ఘాటు ఎక్కడ ఎంతో పరాయి భాషలో మనకి అంచనా దొరకదు.

థియేటర్‌కి వెళ్లినప్పుడు

ఇంట్లో సీను సాధన, థియేటర్లో ఆపకుండా వినే అలవాటు. అక్కడ పాజ్ లేదు, వెనక్కి పోవడం లేదు. బయట మనుషులతో మాట్లాడేటప్పుడూ అంతే కదా.

ధ్వని విషయంలో థియేటర్ మీకు పెద్ద మేలు చేస్తుంది. తెర నిండా సన్నని రంధ్రాలుంటాయి, స్పీకర్లు దాని వెనక ఉంటాయి. 5.1 లాంటి సరౌండ్ సౌండ్‌లో మాటలు ఎక్కువగా మధ్య స్పీకర్ నుంచే వస్తాయి, సంగీతం, చప్పుళ్లు పక్కలకీ వెనక్కీ పరుచుకుంటాయి. ఇంట్లో అన్నీ టీవీకున్న రెండు చిన్న స్పీకర్లలోకి దూరిపోయేసరికి సంగీతం మాటని మింగేస్తుంది. కాబట్టి సీటు మధ్యలో, ముందు నుంచి మూడింట రెండు వంతుల దూరంలో తీసుకోండి. మాట శుభ్రంగా అందేది అక్కడ.

వెళ్లేముందు ట్రైలర్ నాలుగైదుసార్లు చూడండి, పాత్రల పేర్లూ ఊళ్ల పేర్లూ తెలుసుకోండి. ఇంగ్లిష్‌లో తెలియని పేరు వినిపిస్తే అదేదో కొత్త మాట అనుకుని దాని వెంట పడిపోతాం, ఈలోపు రెండు వాక్యాలు దాటిపోతాయి. కథ ముందే చదువుకుంటే ఆసక్తి పోతుందనేవాళ్లు ఒకసారి చూసిన సినిమానే మళ్లీ చూడండి. రెండోసారి కథ కోసం పరుగు ఉండదు, చెవి తీరిగ్గా పని చేసుకుంటుంది. హాల్లో ఒక మాట తప్పిపోతే పోనివ్వండి. తర్వాతి వాక్యంలో బరువు పడిన మాటలు పట్టుకుంటే తోవ దొరుకుతుంది. తెర మీద సబ్‌టైటిల్స్ వేసే ఆట అయితే చూపు ముఖాల మీద ఉంచి, పూర్తిగా తప్పిపోయినప్పుడే కిందికి చూడండి.

వీలైతే తోడుగా ఇంకొకరిని తీసుకెళ్లండి. బయటికి వచ్చాక పది నిమిషాల పాటు సినిమా గురించి ఇంగ్లిష్‌లోనే మాట్లాడుకోవాలని ముందే ఒప్పందం చేసుకోండి. "బాగుంది, బాలేదు" అంటే రెండు మాటల్లో అయిపోతుంది, అందుకని ప్రశ్నలు ఇలా ఉండాలి: వాడు ఆ అబద్ధం ఎందుకు ఆడాడు? నువ్వైతే ఆమెకి ఏం చెప్పేదానివి? చివర్లో ఇద్దరూ ఏం అనుకున్నారు, నాకు సరిగా వినపడలేదు? ఈ మూడోది అడగడానికి మొహమాటపడొద్దు. ఆ సినిమా తర్వాత ఇంట్లో చూసే వీలు వచ్చినప్పుడు మీ ఇద్దరి మాటలకీ తేడా వచ్చిన చోటు నుంచే నోట్‌బుక్ తెరవండి.