"దాక్కున్నాను గురూ!": స్టెల్త్ గొడవలకు మరమ్మతు

ఆదివారం మధ్యాహ్నాలు విశాఖ ఎంవీపీ కాలనీలోని మా ఇంట్లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడతాం. తలా ఒక పాత్ర తీసుకుని, డైస్ విసురుతూ కథ నడిపే ఆట ఇది. కథ చెప్పి, తీర్పులిచ్చే డీఎం (డంజన్ మాస్టర్) నేనే. ఫైర్‌బాల్ మంత్రం ఎంతమందికి తగిలిందన్న దాని మీద మా దగ్గర ఎవరూ గొంతు పెంచరు. రోగ్ (దొంగ పాత్ర) ఆడే కుర్రాడు "దాక్కున్నాను గురూ" అన్నాడంటే మాత్రం టీలు చల్లారిపోతాయి. మన దాగుడుమూతల్లో వెతికేవాడు దొంగ, ఈ ఆటలో దాక్కునేవాడు దొంగ. తేడా అక్కడే మొదలైందేమో!

మరమ్మతు మొదలుపెట్టే ముందు, బల్ల మీద ఏ పుస్తకం ఉందో చూడండి. 2014 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో (ఆట రూల్స్ పుస్తకం) దాక్కోవడానికి ఇంత రావాలని అంకె లేదు. మీ స్టెల్త్ రోల్‌ను (డైస్ మీద పడ్డ అంకెకు మీ దాక్కునే నేర్పు కలిపితే వచ్చేది) ఎదుటివాడి పాసివ్ పర్సెప్షన్‌తో (వెతక్కుండానే గమనించే శక్తికి ఉన్న స్థిరమైన అంకె) పోలుస్తారు. వాడు పనిగట్టుకుని వెతికితే వాడూ రోల్ చేస్తాడు. 2024 పుస్తకంలో 15 రావాలి. వస్తే మీకు "ఇన్విజిబుల్" కండిషన్, అంటే కనబడని స్థితి, వస్తుంది. ఒకరు పాతది, ఒకరు కొత్తది చదివి వచ్చి వాదించుకుంటుంటే ఇక తగువు తీరేదెలా?

సమస్య: ఎదురుగా నిలబడి రోల్ చేశాడు, 24 వచ్చింది, కనబడనంటాడు

కారణం: చోటు చూడకుండా డైస్ విసిరేశాడు. ఎంత పెద్ద అంకె వచ్చినా గోడ పుట్టుకురాదు. పాత పుస్తకంలో, మిమ్మల్ని స్పష్టంగా చూస్తున్నవాడి దగ్గర దాక్కోలేరు. కొత్త పుస్తకంలో దట్టమైన మరుగులోనైనా ఉండాలి, లేదా కనీసం ముప్పావు వంతు కవర్ (అడ్డు) వెనకైనా ఉండాలి. పైగా ఏ శత్రువు చూపూ మీ మీద పడకూడదు.

పరిష్కారం: డైస్ ముట్టుకోకముందే "దేని వెనక?" అని అడగండి. మా కథలో స్మగ్లర్ల స్థావరం ఫిషింగ్ హార్బర్‌లో పెట్టాను. నడుము ఎత్తు వల కుప్ప సగం కవరే, చాలదు. ఒడ్డున బోర్లించిన పడవ వెనక పూర్తిగా ఒదిగితే సరే. మ్యాప్ గీసేటప్పుడే ఏది ఎంత కవరో పెన్సిల్‌తో రాసిపెట్టుకుంటే సగం వాదనలు పుట్టవు.

సమస్య: "నేను కనబడట్లేదు కదా, మరి వాడు నా మీదకెలా వచ్చాడు?"

అన్నిటికంటే ఎక్కువగా వచ్చే గొడవ ఇదే. కారణం: కనబడకపోవడం, ఎక్కడున్నాడో తెలియకపోవడం ఒకటే అనుకోవడం.

ఆర్‌కే బీచ్‌లో ఐఎన్ఎస్ కుర్సురా ఉంది కదా. 1969లో నేవీలో చేరి, 2001లో రిటైరై, ఆ మరుసటి ఏడాది మ్యూజియం అయిన జలాంతర్గామి. నీళ్లలో మునిగాక దాన్ని కంటితో ఎవరూ చూడలేరు. అయినా ఇంజన్ చప్పుడు చేస్తే సోనార్‌కు దొరికిపోతుంది. కనబడదు, కానీ ఎక్కడుందో తెలుసు. ఇన్విజిబిలిటీ మంత్రం వేసుకుని బూట్లు టకటకలాడిస్తూ నడిచే విజార్డ్ పరిస్థితీ అంతే. వాడి మీద దెబ్బ వేసేవాడికి డిసడ్వాంటేజ్ (రెండు డైస్ వేసి తక్కువది తీసుకోవడం) ఉంటుంది, అంతవరకే. మ్యాప్ మీద వాడున్న గడి అందరికీ తెలుసు. ఆ గడి కూడా తెలియకూడదంటే హైడ్ యాక్షన్ (తన వంతులో దాక్కునే పని) తీసుకుని, స్టెల్త్ రోల్ నెగ్గాలి. నెగ్గితే శత్రువు గడిని ఊహించి కొట్టాలి. ఊహ తప్పితే డైస్ ఎంత చూపించినా దెబ్బ గాలికే.

పరిష్కారం: ప్రతిసారీ రెండు ప్రశ్నలు విడివిడిగా అడగండి. కంటికి ఆనుతున్నాడా? ఎక్కడున్నాడో తెలుసా? ఇలాంటిదే ఇంకో ఆట, పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్, ఈ పనిని పేర్లు పెట్టి మరీ చేసింది. గడి తెలిసి మనిషి కనబడకపోతే "హిడెన్", గడి కూడా తెలియకపోతే "అన్‌డిటెక్టెడ్", అసలు అలాంటివాడు ఉన్నాడనే తెలియకపోతే "అన్‌నోటీస్డ్". హిడెన్‌గా ఉన్నవాడిని గురిపెడితే ముందు డి20 (ఇరవై ముఖాల డైస్) మీద కనీసం 11 రావాలి. మేం ఆ ఆట ఆడకపోయినా ఆ మాటలు అరువు తెచ్చుకున్నాం, గొడవలు బాగా తగ్గాయి.

సమస్య: ఒకసారి దాక్కున్నాక గార్డు ముక్కు ముందు తిరుగుతున్నాడు

ఇది 2024 పుస్తకంతో వచ్చిన తలనొప్పి. ఇన్విజిబుల్ కండిషన్ ఎప్పుడు పోతుందో పుస్తకం చెప్పింది: గుసగుస కంటే పెద్ద చప్పుడు చేస్తే, శత్రువు కనిపెడితే, అటాక్ రోల్ చేస్తే, నోటితో పలికే మంత్రం వేస్తే. "బయటికి నడిచి వస్తే" అన్న మాట ఆ జాబితాలో లేదు. మా కుర్రాడు దాన్నే పట్టుకుని ట్యూబ్‌లైట్ కింద గార్డు ముందు నిలబడతానన్నాడు.

ఇక్కడ నా తీర్పు: "శత్రువు కనిపెడితే" అన్నదాంట్లోనే జవాబుంది. పడవ చాటు నుంచి ఇంకో పడవ చాటుకి గార్డు వీపు వెనక పరుగెత్తితే ఒప్పుకుంటాను. వాడి కళ్ల ఎదుట, వెలుతురులో టర్న్ ముగిస్తే రోల్ లేకుండానే దొరికినట్టు. అక్షరం పట్టుకుని చదివేవాళ్లు ఒప్పుకోకపోవచ్చు. అందుకే ఆట మధ్యలో కాదు, మొదటి రోజే చెప్పేయండి.

సమస్య: రోగ్ ప్రతి టర్న్‌లో దాక్కుని బాణం వేస్తున్నాడు

ఇది సమస్యే కాదు, డీఎం విసుగు. రెండో లెవెల్‌లో వచ్చే కన్నింగ్ యాక్షన్ ఇచ్చిందే అందుకు: బోనస్ యాక్షన్‌తో (అసలు పనికి అదనంగా చేసే పని) హైడ్. బాణం వేయగానే, తగిలినా తగలకపోయినా, చోటు బయటపడుతుంది. మీ గాబ్లిన్లకు (ఆటలోని చిన్న రాక్షసులు) కాస్త బుర్ర పెట్టి వాడు దాక్కున్న స్తంభం చుట్టూ తిరిగి రమ్మనండి.

సమస్య: "నాకు డార్క్‌విజన్ ఉంది, చీకట్లో అన్నీ కనబడతాయి"

కారణం: సగం వాక్యమే చదివారు. డార్క్‌విజన్ ఉన్నవాడికి చీకటి మసక వెలుతురులా మాత్రమే ఉంటుంది. మసకలో కంటితో చేసే పర్సెప్షన్‌కు డిసడ్వాంటేజ్, అంటే పాసివ్ నుంచి 5 తీసేయాలి. పాత పుస్తకాల గాబ్లిన్ పాసివ్ 9. బొర్రా గుహల్లాంటి చోట దీపం లేకుండా కాపలా కాస్తే అది 4కి పడిపోతుంది. 60 అడుగులు దాటాక దానికీ కటిక చీకటే. కాపలా గాబ్లిన్ చేతికి కాగడా ఎందుకివ్వాలో ఇప్పుడు తెలిసిందా?

సమస్య: ప్లేట్ కవచం వేసుకున్న పాలడిన్ (యోధుడి పాత్ర) వల్ల అందరూ దొరికిపోతున్నారు

ఐదుగురు విడివిడిగా రోల్ చేసి, ఐదుగురూ నెగ్గాలంటే ఎవరో ఒకరు తప్పక ఓడతారు. పైగా ఆ కవచానికి స్టెల్త్‌లో డిసడ్వాంటేజ్. గ్రూప్ చెక్ పెట్టండి, కనీసం సగం మంది నెగ్గితే గుంపంతా దాటినట్టే.

సమస్య: స్టెల్త్ రోల్‌లో 3 పడగానే "అయితే నేను వెళ్లను" అంటాడు

కారణం: ఫలితం ముందే తెలిసిపోయింది. పరిష్కారం రెండు రకాలు. ఎవరైనా చూసే అవకాశం వచ్చిన క్షణం దాకా రోల్ అడగకండి. లేదంటే పాత్‌ఫైండర్ పద్ధతిలో ఆ రోల్ మీరే రహస్యంగా చేయండి. నేను రెండోదే పట్టుకున్నాను. ఆటగాళ్లకు కనబడకుండా తెర వెనక స్టీలు గ్లాసులో డి20 వేసి ఆడిస్తాను. ఒక్కోసారి ఏ రోలూ లేకపోయినా గ్లాసు గలగలమనిపిస్తాను. బల్ల చుట్టూ టెన్షన్, మా రోగ్ బీచ్ నుంచి తెచ్చిన మురీ మిక్చర్ నమలడం ఆపేస్తాడు.