తొలకరికి ముందే కిట్ కారు జాగ్రత్తలు

దక్షిణ ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు ఇంటి షెడ్డులో కిట్ కారు (విడిభాగాలు కొని సొంతంగా బిగించుకునే కారు) ఉన్నవాళ్లకు మే నెలే పనికాలం. 1957లో లోటస్ సెవెన్‌తో మొదలైన ఈ తరహా బండ్లు అయిదారు వందల కిలోలకు మించి తూగవు. చాలావాటికి బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ ఉండదు, కాలి ఒత్తిడిని పెంచే బ్రేకు బూస్టరూ ఉండదు. అందుకే చేతిలో ఉన్న డబ్బు ముందు టైర్లకు, బ్రేకులకు, వైరింగుకు పెట్టండి. ఇంజిన్ జోరు పెంచే పెద్ద క్యామ్‌షాఫ్టు, కొత్త కార్బురేటర్లు దసరా తర్వాత చూసుకోవచ్చు.

బండి ఎత్తేముందు నేల చూడండి. మట్టి నేల తడిస్తే స్టాండు కాలు దిగబడుతుంది. ఒక్కో స్టాండు కింద అడుగు చదరం, 18 మి.మీ. ప్లైవుడ్ ముక్క వేయండి. జాకీని ఛాసిస్ గొట్టాలు కలిసే చోటే పెట్టాలి. అల్యూమినియం రేకు మీద పెడితే రేకు నొక్కుకుపోయి రివెట్లు ఊడతాయి. ఇటుకల మీద, సిమెంటు దిమ్మల మీద నిలిపిన బండి కిందికి మాత్రం దూరకండి. అవి చెప్పాపెట్టకుండా పగులుతాయి.

టైర్ల సంగతి ఎక్కువమంది తప్పుగా అర్థం చేసుకుంటారు. మామూలు కారులో 32 పీఎస్ఐ గాలి ఉంటే, ఈ బండ్లకు సాధారణంగా 18 నుంచి 20 చాలు. రోడ్డు మీద నీరు టైరు గాడి లోతును మించి నిలిచినప్పుడు, టైరు నీటిమీద తేలే వేగం గాలి ఒత్తిడిని బట్టి ఉంటుంది. 32 పీఎస్ఐ దగ్గర అది గంటకు సుమారు 95 కి.మీ., 18 దగ్గర సుమారు 70. అలాగని గాలి 32కి పెంచితే ఇంత తేలిక బండికి నేలను పట్టే భాగం తగ్గిపోయి, మామూలు తడిలోనే జారుతుంది. గాలి అలాగే ఉంచి, నీరు నిలిచిన చోట 55 దాటకుండా నడపడమే దారి. గాడి 1.6 మి.మీ. ఉంటే చట్టం ఒప్పుకుంటుంది. వానకు అది చాలదు, 3 మి.మీ.కి తగ్గగానే టైరు మార్చండి.

బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీలుస్తుంది. కొత్త డాట్ 4 రకం బ్రేకు ఆయిలు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోవచ్చు. సాలూరు, కోరాపుట్ మధ్య సుంకి ఘాటు దిగుతూ బ్రేకు మీదే కాలు ఉంచితే ఆయిలు ఆవిరై, పెడల్ నేలకంటుతుంది. కాబట్టి ఏటా మేలో పాత ఆయిలు పూర్తిగా తీసేయండి. సీలు విప్పని సీసాయే కొనండి. పెడల్ తొక్కితే ఆయిలును నెట్టే మాస్టర్ సిలిండర్లు ముందు బ్రేకులకొకటి, వెనక బ్రేకులకొకటి ఉన్న బండిలో ముందు నిపిల్, వెనక నిపిల్ ఒకేసారి విప్పి గాలి తీయాలి. లేకుంటే ముందు, వెనక బ్రేకులకు బలాన్ని పంచే బ్యాలెన్స్ బార్ ఒరిగిపోయి పెడల్ పూర్తిగా దిగదు. పెయింటు మీద చుక్క పడితే వెంటనే నీళ్లతో కడగండి. తడి రోడ్డు మీద బరువు ముందుకు తక్కువగా వస్తుంది కనుక ముందు చక్రాలు తొందరగా పట్టేస్తాయి, అంటే తిరగకుండా బిగుసుకుని జారతాయి. బార్‌ను పావు తిప్పు చొప్పున వెనక్కి జరిపి, ఖాళీ మైదానంలో నెమ్మదిగా పరీక్షించండి. ఎంత జరిపినా ముందు చక్రాలే మొదట పట్టాలి. వెనకవి ముందు పట్టాయంటే బండి గిరగిరా తిరిగిపోతుంది.

వానలో దీపాలు మసకబారడానికి చాలాసార్లు బల్బు కారణం కాదు, ఎర్తే. ఫైబర్ మడ్‌గార్డులో కరెంటు పారదు కాబట్టి ప్రతి దీపానికీ ఛాసిస్ దాకా విడిగా ఎర్తు వైరు ఉండాలి. బిగించే చోట పెయింటు గీకి, పళ్ల వాషర్ వేసి బిగించాక పైన గ్రీజు రాయండి. దీపం వెలిగించి, బ్యాటరీ నెగటివ్‌కూ దీపం ఎర్తుకూ మధ్య మల్టీమీటర్ పెట్టండి. 0.2 వోల్టులు దాటితే ఆ దారిలో ఎక్కడో తుప్పుంది.

ఉక్కు గొట్టం, అల్యూమినియం రేకు తడిలో కలిసి ఉంటే అల్యూమినియం తినేసుకుపోతుంది. వదులైన రివెట్లు డ్రిల్ చేసి తీసి, మధ్యలో పాలియురేథేన్ సీలెంట్ పట్టించి, సీల్డ్ రివెట్లు కొట్టండి. ఫ్లోరులో నీరు పోయే రంధ్రాలు పూడిపోయాయేమో చూడండి. ప్లాస్టిక్ టార్పాలిన్‌తో బిగించి కప్పితే లోపలి తేమ బయటికి పోదు. గాలాడే గుడ్డ కవరే మేలు. వానల రోజుల్లో ఎలుకలు వైర్లు కొరుకుతాయి, వాటి వెనకే పాములూ వస్తాయి. తెరిచి ఉన్న సీట్లో కూర్చునేముందు టార్చి వేసి పెడళ్ల దాకా చూడండి.

ఇంజిన్ మార్చాలనుకుంటే స్పానర్ పట్టకముందే ఆర్టీఓ దగ్గర అనుమతి తీసుకోండి. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ఈ మార్పుల గురించే.

చివరగా అక్టోబరు తుపాన్లు. 2018లో తిత్లీ తుపానుకు పర్లాకిమిడి ఉన్న గజపతి జిల్లా వరదల్లో చిక్కుకుంది. హెచ్చరిక రాగానే బండిని మెరకకు చేర్చి, బ్యాటరీ నెగటివ్ తీసి, కార్బురేటర్ నోళ్లు, ఎగ్జాస్టు గుడ్డతో మూసేయండి. నీరు ఇంజిన్ దాకా వచ్చిందన్న అనుమానం ఉంటే సెల్ఫ్ కొట్టవద్దు. సిలిండర్‌లో నీరు అణగదు, కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. స్పార్క్ ప్లగ్గులన్నీ విప్పి, క్రాంకును పానతో రెండు చుట్లు చేత్తో తిప్పి నీరు బయటికి పోయిందని చూసుకున్నాకే, ఆయిలు మార్చి స్టార్ట్ చేయండి.