బెజవాడలో ఒక్క రోజు ఉంటే ఏం చూడాలి?

మా ఇంటికొచ్చే చుట్టాలకి చెప్పేదే మీకూ చెబుతున్నా. రైలు దిగగానే బరువు సామాను క్లోక్‌రూమ్‌లో పెట్టేసి, నీళ్ల సీసాతో పొద్దున్నే దుర్గమ్మ గుడికి వెళ్లండి. ఎండ ముదిరితే ఇంద్రకీలాద్రి మెట్ల మీద కాలు పెట్టలేరు. దసరాల్లో, ముఖ్యంగా మూలా నక్షత్రం రోజున, జనం విపరీతం. చంటిపిల్లలో, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లో వెంట ఉంటే దయచేసి తేదీ మార్చుకోండి.

దర్శనమయ్యాక టిఫిన్‌కి గాంధీనగర్ వెళ్లండి. బాబాయ్ హోటల్లో వేడి ఇడ్లీ మీద వెన్న వేసిస్తారు. అది కరిగేలోపు తినాలి.

అక్కడి నుంచి ఉండవల్లి. 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ దాటితే గుంటూరు జిల్లా. ఆటో అయితే రానూపోనూ, ఆగే సమయంతో కలిపి ముందే బేరం కుదుర్చుకోండి. గుహల దగ్గర చాలామంది కింద ఫొటోలు తీసుకుని వెనక్కి తిరిగేస్తారు, నాకు ప్రాణం ఉసూరుమంటుంది. పైకి ఎక్కండి. లోపల మసకగా ఉంటుంది, కళ్లు అలవాటు పడేదాకా కాసేపు నిలబడండి. ఒకే రాతిలో తొలిచిన అనంతశయనుడు పాదాల నుంచి తల దాకా నెమ్మదిగా కనబడతాడు. మెట్లు ఎత్తుగా ఉంటాయి, జారే చెప్పులు వద్దు.

సాయంత్రం బీసెంట్ రోడ్డులో బట్టలు కొనుక్కోవచ్చు. బొమ్మలు మాత్రం వీలైతే కొండపల్లి వెళ్లే కొనండి, చేసేవాళ్ల దగ్గరే. తెల్ల పొణికి చెక్క చాలా తేలిక, బట్టల మధ్య చుట్టి పెట్టుకోండి.